ఫ్లష్ ట్యాంకు కారతా ఉందా? కొత్తది కొనే ముందు ఇది చదవండి

ఇంటి మరమ్మతుల మీద పాఠకులు పంపే ప్రశ్నలకు జవాబులు చెబుతున్నది కావలి ట్రంకు రోడ్డులో శానిటరీ సామాన్ల అంగడి నడిపే అక్క. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ వాటిది ఒకటే బాధ: ఎవరూ ఫ్లష్ చేయకపోయినా కమోడ్‌లోకి కారిపోయే నీళ్ళు.

ప్రశ్న: అక్కా, మాది నెల్లూరు దర్గామిట్ట. మా బాత్‌రూములో వెస్ట్రన్ కమోడ్ పెట్టించి ఆరేళ్ళయింది. పైన రెండు బటన్లు ఉండే రకం. కొన్నాళ్ళుగా ఎవరూ ఫ్లష్ చేయకపోయినా కమోడ్ లోపల వెనకవైపు సన్నగా నీళ్ళు జారతానే ఉన్నాయి. నడిరాత్రి ఉన్నట్టుండి ట్యాంకు దానంతటదే నిండే శబ్దం వస్తుంది, కాసేపటికి ఆగుతుంది. ప్లంబరు వచ్చి ఫ్లోటు కిందికి దించి పోయాడు, తగ్గలేదు. మళ్ళీ పిలిస్తే “మొత్తం ట్యాంకే మార్చాల” అంటున్నాడు. రొట్టెల పండక్కి చుట్టాలు ఇంటినిండా దిగుతారు. ఏం చేయమంటారు?
– ఓ గృహిణి, నెల్లూరు

జవాబు: అమ్మా, మీ ట్యాంకు జబ్బేందో మీ ఉత్తరంలోనే ఉంది. నిండే శబ్దం వస్తుంది, కాసేపటికి ఆగుతుంది అన్నారు చూడండి, ఆ ఒక్క మాట చాలు నాకు.

ట్యాంకులోంచి కమోడ్‌లోకి నీళ్ళు పోవడానికి ఉండేవి రెండే దారులు. ఒకటి అడుగున ఉండే వాల్వు. బటన్ నొక్కితే లేస్తుంది, వదిలితే కూర్చుంటుంది. రెండోది ఓవర్‌ఫ్లో గొట్టం. నీళ్ళు హద్దు దాటి పైకొస్తే బాత్‌రూమంతా పారకుండా ఆ గొట్టంలో పడి కమోడ్‌లోకే దిగిపోతాయి. అడుగున కారే ట్యాంకులో మట్టం మెల్లగా దిగతా వస్తుంది. దాంతోపాటు నీళ్ళ మీద తేలే ఫ్లోటు కిందికి జారి కొత్త నీళ్ళు వదులుతుంది, నిండగానే మూసుకుంటుంది. అందుకే మీకు శబ్దం వచ్చి ఆగుతోంది. పైనుంచి పొర్లేదైతే ఆ శబ్దం ఆగదు, తెల్లార్లూ సన్నగా స్స్‌మంటానే ఉంటుంది.

కాబట్టి మీ ప్లంబరు ఫ్లోటు దించినందువల్ల ఒరిగిందేమీ లేదు. మట్టం రెండు వేళ్ళు తగ్గింది, కారేది కారతానే ఉంది. ఇప్పుడు ఫ్లష్‌కి నీళ్ళు చాలక రెండోసారి నొక్కాల్సి వస్తోందేమో కూడా చూసుకోండి. మా అంగడికి వచ్చేవాళ్ళూ చాలామంది నేరుగా “ఫ్లోటు ఇయ్యక్కా” అనే అడుగుతారు. మూత తీయగానే కంటికి కనపడేది, చేతికి అందేది అదే, నేరం దాని నెత్తిన పడుతుంది.

నా మాట నమ్మి ఊరుకోవద్దు, మీరే తేల్చుకోండి. రాత్రి అందరూ పడుకునే ముందు ట్యాంకు మూత తీసి, నీళ్ళలో కాస్త బీట్‌రూట్ రసమో, స్వీట్లలో వేసే రంగో, పిల్లల నీలం సిరానో కలపండి. పసుపు మాత్రం వద్దు, లోపలి ప్లాస్టిక్‌కి పట్టుకుంటే వదలదు. అరగంట సేపు ఎవర్నీ బటన్ ముట్టుకోనీయకండి. తర్వాత టార్చి వేసి చూస్తే తెల్ల పింగాణీ మీద రంగు చార కనపడుతుంది.

రంగు చెప్పేది కారతా ఉందని మాత్రమే, ఏ దారినో చెప్పదు. దానికి పెన్సిలు కావాల. ట్యాంకును పూర్తిగా నిండనిచ్చి, గోడ దగ్గర ట్యాంకుకి నీళ్ళు వదిలే యాంగిల్ కాక్‌ని కుడివైపుకి తిప్పి కట్టేయండి. నీళ్ళు యాడికి ఉన్నాయో లోపలి గోడ మీద గీత గీయండి. గంట తర్వాత మట్టం గీత కిందికి దిగి ఉంటే తప్పు అడుగు వాల్వుదే. గీత దగ్గరే నిలబడి ఉంటే అడుగు బాగానే ఉంది, నీళ్ళు వదిలే ఫ్లోటు వాల్వుని చూడాల. ఇంకో రకం కూడా ఉంది: కొంత దిగి, ఒక ఎత్తు దగ్గర ఆగిపోతుంది. అట్లా ఆగితే సరిగ్గా ఆ ఎత్తులోనే ఓవర్‌ఫ్లో గొట్టానికి పగులో, జాయింటు వదులో ఉన్నట్టు. అరుదే గానీ, వాషర్లు మార్చి మార్చి విసిగిన ఇళ్ళలో చివరికి తేలేది ఇదే.

యాంగిల్ కాక్ ఏళ్ళ తరబడి తిప్పకుండా ఉంటే బిగుసుకుపోయి ఉంటుంది. దానికి పానా వేసి బలప్రదర్శన చేయకండి. విరిగిందంటే కారే ట్యాంకు సంగతి మర్చిపోయి ఇల్లంతా నీళ్ళు తోడుకోవాల. మిద్దె మీద నుంచి వచ్చే లైనుకి గేట్ వాల్వు ఉంటుంది, అది కట్టేసుకుంటే సరిపోతుంది.

గీత గీశారు కాబట్టి ఎన్ని నీళ్ళు పోతున్నాయో కూడా లెక్క కట్టుకోవచ్చు. ట్యాంకు లోపల 40 సెంటీమీటర్ల పొడవు, 15 సెంటీమీటర్ల వెడల్పు ఉందనుకుందాం. మట్టం ఒక సెంటీమీటరు దిగితే 600 మిల్లీలీటర్లు పోయినట్టు. పది నిమిషాలకు సెంటీమీటరు చొప్పున దిగితే గంటకు 3.6 లీటర్లు, రోజుకు 86 లీటర్లు. చప్పుడు లేకుండా, నేల తడవకుండా పోతాయి కాబట్టి ఎవరికీ పట్టదు. అదే కొళాయి బొట్టు బొట్టుగా కారితే ఇల్లంతా లేచి అరుస్తాం.

ఇంగ పని సంగతి. యాంగిల్ కాక్ కట్టేసి, ఒకసారి ఫ్లష్ నొక్కి ట్యాంకు ఖాళీ చేయండి. మూత ఊరికే ఎత్తితే వస్తే సరే. రాకపోతే బటన్ల చుట్టూ ఉన్న క్రోమ్ రింగుని ఎడమకు తిప్పితే బటన్లు ఊడి మూత వచ్చేస్తుంది. పింగాణీ మూత అయితే పాత టవలు పరిచి నేల మీద పడుకోబెట్టండి. గోడకు ఆనించి నిలబెడితే తడి నేల మీద జారిపోతుంది. ఒట్టి మూత విడిగా కావాలంటే దొరకడం కష్టం, నా అంగట్లోనూ ఉండదు.

లోపల మధ్యలో నిటారుగా ఉండేదే ఫ్లష్ వాల్వు. రెండు చేతులతో పట్టుకుని పావు చుట్టు ఎడమకు తిప్పి పైకి లాగితే చాలా రకాలు ఊడి వచ్చేస్తాయి. దాని అడుగు అంచున గుండ్రటి వాషరు ఉంటుంది. సిలికాన్‌తోనో, రబ్బరుతోనో చేసింది. దాని పని కుక్కర్ గాస్కెట్ పనే: మెత్తగా ఉన్నన్నాళ్ళు పట్టి ఉంచుతుంది, గట్టిపడితే యాడో ఒకచోట విడుస్తుంది.

వాషరుని కంటితో చూసి బాగుందనుకోవద్దు. చూపుడు వేలు దాని మీద ఆనించి చుట్టూ ఒకసారి తిప్పండి. ఒకచోట గరుకు తగులుతుంది. ఇసుక రేణువంత సున్నపు పలుకు చాలు, రాత్రంతా కారడానికి. అట్నే వాషరు కూర్చునే చోటు, అంటే ట్యాంకు అడుగున ఉండే ప్లాస్టిక్ అంచు, అది కూడా తడమండి. బోరు నీళ్ళ ఇళ్ళలో ఆ అంచు మీద తెల్లటి పొర గట్టిగా పట్టి ఉంటుంది. కత్తితోనో, స్క్రూడ్రైవరుతోనో గీకకండి. ఆ అంచు మీద ఒక్క గీత లోతుగా పడిందంటే కొత్త వాషరు వేసినా కారతానే ఉంటుంది.

గీకకుండా పోవాలంటే పులుపు కావాల. పొదలకూరు నిమ్మకాయలు మన జిల్లాలో ఎవరింట్లో లేవు? రసం పిండి వాషరుని అరగంట నానబెట్టండి. అదే రసంలో చిన్న గుడ్డ తడిపి ఆ అంచు చుట్టూ పరచండి. పొర మెత్తబడ్డాక పాత పళ్ళ బ్రష్షుతో రుద్ది, నీళ్ళు పోసి కడగండి. నిమ్మ ధర మండిపోతున్న రోజుల్లో అయితే నిమ్మ ఉప్పు గోరువెచ్చటి నీళ్ళలో కలిపినా, వెనిగర్ పోసినా అదే పని చేస్తుంది.

కడిగాక వాషరు మీద గుండ్రంగా పళ్ళెం అంచు పడినట్టు గాడి కనపడినా, మడిస్తే బీటలు కనపడినా, వేళ్ళకి నల్లగా అంటుకున్నా దాని ఆయుష్షు అయిపోయినట్టే, మార్చండి. అంగడికి పోయేటప్పుడు పాతది చేతిలో పట్టుకుని పోండి. ఫోన్లో ఫోటో తీసుకొచ్చి “ఇట్లాంటిది ఇయ్యి” అంటే నేనేం చేసేది? ఫోటోలో కొలత తెలియదు, రెండు మిల్లీమీటర్ల తేడా వచ్చినా కూర్చోదు. పండగ రోజు కాబట్టి అంగడి తెరవలేదు అంటే, రెండు వైపులా ఒకే తీరుగా ఉండే వాషరుని తిరగేసి పెట్టండి, కొన్నాళ్ళు గడుస్తుంది.

తిరిగి బిగించేటప్పుడు ఒకటి చూసుకోవాల. బటన్ల కింద రెండు ప్లాస్టిక్ కడ్డీలు ఉంటాయి. మూత పెట్టాక అవి వాల్వు తలకాయని తాకీ తాకనట్టు, రెండు మూడు మిల్లీమీటర్ల సందుతో ఉండాల. పొడవు ఎక్కువైతే వాల్వుని ఎప్పుడూ కొంచెం నొక్కి పట్టి ఉంచుతాయి, కొత్త వాషరు వేసినా కారుతుంది. కడ్డీలకు మర ఉంటుంది, తిప్పి పొట్టి చేసుకోవచ్చు. మూత తీస్తే కారడం ఆగి, మూత పెడితే మళ్ళీ మొదలైతే ఇంగ వేరే పరీక్ష అక్కర్లేదు, కారణం ఇదే.

బటన్లు కాకుండా పక్కన పిడి ఉండి, లోపల గొలుసుకు కట్టిన ఫ్లాపర్, అంటే అడుగు కంతని మూసే రబ్బరు మూత, ఉండే రకం అయితే పని ఇంకా తేలిక. గొలుసు బిర్రుగా ఉంటే మూత పూర్తిగా కూర్చోదు, మరీ పొడవుంటే గొలుసే మూత కింద ఇరుక్కుంటుంది. అర అంగుళం వదులు ఉంచితే చాలు.

ట్యాంకు మార్చాలన్న మీ ప్లంబరుని దొంగ అనను. వాషరు మార్చినందుకు కూలి అడిగితే “ఇంత చిన్న పనికా?” అని మనమే బేరం పెడతాం. అదే ట్యాంకు మారిస్తే అడిగినంత ఇస్తాం. అతను మాత్రం ఏం చేస్తాడు? ట్యాంకు నిజంగా మార్చాల్సింది పింగాణీ చిట్లినప్పుడు, ప్లాస్టిక్ గోడ ఉబ్బి వంకర తిరిగినప్పుడు, లేదా లోపలి సామాను యాడా దొరకనప్పుడు. మీ ఉత్తరంలో ఈ మూడూ లేవు. కూలి సరిగ్గా మాట్లాడుకుని, వాషరు మార్చమని ముందే చెప్పి పిలవండి. అప్పుడు అతనే సంతోషంగా చేసి పోతాడు.

ప్రశ్న: అమ్మా, నేను ఒంగోలులో ఉంటున్న రిటైర్డ్ టీచర్ని. మేడ మీద ట్యాంకు దగ్గర ప్రెషర్ పంపు పెట్టించాము. రాత్రిళ్ళు ఎవరూ కొళాయి తిప్పకపోయినా పంపు అదేపనిగా ఆన్ అవుతోంది, ఆఫ్ అవుతోంది. నిద్ర లేదు. పంపు పాడైందని కంపెనీ వాళ్ళని పిలిస్తే బాగానే ఉందన్నారు. ఫ్లష్ ట్యాంకు దగ్గర మాత్రం ఎప్పుడూ సన్నటి శబ్దం వినపడుతోంది.

జవాబు: మాస్టారూ, పంపు మీకు ఉపకారమే చేస్తోంది. లైనులో యాడో నీళ్ళు పోతున్నాయి, ఒత్తిడి పడిపోతోంది, అది లేచి మళ్ళీ నింపుతోంది. పంపు లేని ఇళ్ళలో ఇదే నీరు చప్పుడు లేకుండా పోతుంది. ముందు పడుకోబోయే ముందు ఫ్లష్ ట్యాంకు యాంగిల్ కాక్ ఒక్కటి కట్టేసి చూడండి. పంపు నోరు మూసుకుంటే దొంగ దొరికినట్టే.

ఆగని శబ్దం అన్నారు కాబట్టి మీది పైనుంచి పొర్లే రకం అయ్యుంటుంది. మూత తీసి ఓవర్‌ఫ్లో గొట్టం నోరు చూడండి. నీళ్ళు దాని అంచుకి సమానంగా నిలబడి లోపలికి జారతా ఉంటాయి. అసలు మట్టం ఆ అంచుకి ఒక అంగుళం కింద ఆగాలి. కొన్ని ట్యాంకుల్లో ఆ హద్దు గీత లోపల అచ్చు వేసే ఉంటుంది.

ఇప్పుడు ఫ్లోటుని చేత్తో పైకి ఎత్తి పట్టుకోండి. నీళ్ళు ఆగిపోతే వాల్వు మంచిదే, ఫ్లోటు ఎత్తు సరిచేస్తే చాలు. కొత్త రకాల్లో పక్కన మర కడ్డీ ఉంటుంది, స్క్రూడ్రైవరుతోనో చేత్తోనో తిప్పి ఫ్లోటు దించాలి. పాత బంతి రకమైతే మొదట బంతి ఊడదీసి చెవి దగ్గర పెట్టి ఊపండి. లోపల నీళ్ళు గలగలమంటే చిల్లు పడి నీళ్ళు ఎక్కాయని అర్థం, బరువెక్కి తేలడం లేదు. దాన్ని అతికించే పని పెట్టుకోవద్దు, కొత్తది తెచ్చుకోండి.

ఫ్లోటు ఎత్తి పట్టుకున్నా నీళ్ళు వస్తానే ఉంటే లోపలి చిన్న రబ్బరు పాడయిందో, చెత్త ఇరుక్కుందో. మిద్దె మీద ట్యాంకు కడిగించారా ఈ మధ్య? వీధిలో పైపు తవ్వారా? ఆ రెండు పనుల తర్వాతే ఇట్లాంటి ఉత్తరాలు ఎక్కువ వస్తాయి. అడుగున పేరుకున్న మట్టి కదిలి లైనులోకి వస్తుంది. యాంగిల్ కాక్ కట్టేసి, వాల్వు మీది టోపీని తిప్పి తీసి, లోపలి రబ్బరు బయటికి తీయండి. వాల్వు నోటి మీద మగ్గు బోర్లించి పట్టుకుని, యాంగిల్ కాక్ కొంచెం తెరవండి. మగ్గు లేకపోతే నీళ్ళు నేరుగా మీ ముఖానికే వస్తాయి, ప్రెషర్ పంపు ఉన్న ఇల్లు కాబట్టి ముందే చెబుతున్నా. చెత్త కొట్టుకుపోయాక రబ్బరు కడిగి పెట్టి మూసేయండి. కనెక్షన్ పైపు ట్యాంకుకి కలిసే చోట చాలా వాటికి చిన్న జల్లెడ ఉంటుంది, అది కూడా విప్పి కడగండి. ట్యాంకు నిండడానికి మరీ ఆలస్యమవుతా ఉంటే ఆ జల్లెడ పూడుకుపోయినట్టు.

రాత్రిళ్ళే శబ్దం ఎందుకు ఎక్కువ అని మీకు అనుమానం రావచ్చు. పగలు నాలుగు కొళాయిలు నడుస్తా ఉంటే ఒత్తిడి పంచుకుంటుంది. రాత్రి అన్నీ కట్టేశాక మొత్తం ఒత్తిడి ఆ ఒక్క రబ్బరు మీద పడుతుంది. పంపు ఒత్తిడి అవసరానికి మించి పెట్టించి ఉంటే కొంచెం తగ్గించమనండి.

ప్రశ్న: మాది అల్లూరు పక్కన పల్లె. చుట్టూ రొయ్యల గుంటలు, బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి. నాలుగు నెలల కింద కొత్త వాషరు వేయించాము, మళ్ళీ కారుతోంది. అంగట్లో నాసిరకం సరుకు ఇచ్చారా? దీనికి శాశ్వత పరిష్కారం లేదా?

జవాబు: నాసిరకమూ కావచ్చు, చెప్పలేను. పలుచటి వాషర్లు వచ్చే మాట నిజం. కానీ ముందు మీ నీళ్ళ సంగతి. ఉప్పగా ఉండే నీళ్ళన్నీ పొర కట్టవు. వంట ఉప్పు నీళ్ళలో కరిగి పోతానే ఉంటుంది. గట్టి తెల్లపొర కట్టేవి కాల్షియం, మెగ్నీషియం ఉన్న నీళ్ళు. తెలుసుకోవడం తేలికే: సబ్బు నురగ రాకపోయినా, గీజరు కాయిలు మీద పెచ్చులు కట్టినా, నీళ్ళు కాచే గిన్నె అడుగున తెల్లగా పట్టినా అవే. తాగే నీటికి మన దేశ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం ఈ రెండింటి లెక్క, అంటే కాఠిన్యం, లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, వేరే దారి లేనప్పుడు 600 దాకా ఒప్పుకుంటారు. బోరు నీళ్ళు పరీక్ష చేయించినప్పుడు టీడీఎస్, అంటే నీళ్ళలో కరిగిన ఉప్పుల మొత్తం, ఒక్కటే రాయించుకుని వచ్చేస్తారు. కాఠిన్యం కూడా అడగండి, మీ కొళాయిలు, గీజరు, ఫ్లష్ ట్యాంకు ఎన్నాళ్ళు ఉంటాయో చెప్పేది అదే. ప్రకాశం మెట్ట ప్రాంతం వాళ్ళు ఫ్లోరైడు గురించి అడుగుతుంటారు. అది తాగే నీళ్ళ బాధ, ఎముకలకీ పళ్ళకీ చేటు. వాషరుకి దానితో పేచీ లేదు.

శాశ్వతం అనేది మీ నీళ్ళకి లేదు. నెలా రెండు నెలలకు ఒకసారి, ఆదివారం రాత్రి పడుకునే ముందు నిమ్మ ఉప్పు కలిపిన నీళ్ళు చెంబెడు ట్యాంకులో పోసి, పొద్దున ఫ్లష్ చేసేయండి. పొర ముదరకముందే కరుగుతుంది. ముదిరిందంటే నిమ్మ ఉప్పుతో ఒక రాత్రిలో పోవడం కష్టం.

ఇంట్లో ఆడవాళ్ళకీ, కడగడానికి వచ్చే మనిషికీ ఒక మాట చెప్పాల. బాత్‌రూము యాసిడ్ ట్యాంకులో పోయకూడదు. లోపలి స్క్రూలు, స్ప్రింగులు తినేస్తుంది. ట్యాంకులో వేసే క్లోరిన్ బిళ్ళలు కూడా వద్దు. కమోడ్ నీలంగా మెరుస్తుంది, నిజమే, ఆ మందు నీళ్ళలోనే రాత్రీ పగలూ నానిన రబ్బరు తొందరగా చెడుతుంది. ఇంకొకటి, ఇది వాషరు గురించి కాదు, ప్రాణం గురించి: బ్లీచింగ్ పౌడరు వేసిన చోట యాసిడ్ పోయకండి, యాసిడ్ పోసిన చోట బ్లీచింగ్ వేయకండి. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది. తలుపు మూసిన చిన్న బాత్‌రూములో అది ఊపిరితిత్తులకు చాలా ప్రమాదం.

ప్రశ్న: నెల్లూరు మాగుంట లేఅవుట్లో ఫ్లాటు. మా ఫ్లష్ ట్యాంకు గోడలో దాచి పెట్టిన రకం, బయటికి బటన్ల ప్లేటు ఒక్కటే కనపడుతుంది. నీళ్ళు కారుతున్నాయి. టైల్స్ పగలగొట్టాలని మేస్త్రి అంటున్నాడు. ఆ రంగు టైల్స్ ఇప్పుడు దొరకవు.

జవాబు: పగలగొట్టనీయకండి! ఆ ప్లేటు ఉన్నదే లోపలికి చేయి పోవడానికి. కొన్ని ప్లేట్లు పైకి నెడితే వస్తాయి, కొన్నిటికి అడుగున స్క్రూ ఉంటుంది. ప్లేటు వెనక ఇంకో ప్లాస్టిక్ మూత, అది తీస్తే ఎడమనో కుడినో చిన్న వాల్వు కనపడుతుంది, నీళ్ళు అక్కడే కట్టేయవచ్చు. బటన్ కడ్డీలు తీసి, ఫ్లష్ వాల్వుని ముక్కలుగా విడదీసి ఆ కిటికీలోంచే బయటికి లాగుతారు. చేయి తిరిగిన మనిషి కావాల, అంతే. మేస్త్రికి తెలియకపోతే ట్యాంకు కంపెనీ సర్వీసు మనిషిని పిలవండి.

ఈ రకానికి ఒక్కటే ఇబ్బంది: వాషరు కంపెనీకొక రకం, మోడలుకొక రకం. ప్లేటు తీసినప్పుడు లోపల అంటించిన స్టిక్కరు ఫోటో తీసి పెట్టుకోండి. ఇక్కడ ఫోటో పనికొస్తుంది, ఎందుకంటే మోడలు నంబరు దాని మీదే ఉంటుంది.

ప్రశ్న: నీళ్ళు ఆదా అవుతాయని మా అబ్బాయి ఫ్లష్ ట్యాంకులో ఇటుక పెట్టాడు. మంచిదేనా? – ఓ తల్లి, సింగరాయకొండ

జవాబు: ఉద్దేశం మంచిదే, ఇటుక మంచిది కాదు. నానిన ఇటుక పొడి రాలుస్తుంది, ఆ పొడి పోయి వాషరు కింద చేరుతుంది. మీ అబ్బాయి ఆదా చేసిన దానికి పదింతలు కారిపోతుంది. తీసేయండి. పాత ట్యాంకు పది లీటర్లదైతే నీళ్ళు నింపి మూత బిగించిన లీటరు సీసా పెట్టుకోవచ్చు, ఫ్లోటుకి తగలకుండా ఒక మూలకి. ఒక్క ఫ్లష్‌తో శుభ్రం కాకపోతే అది కూడా తీసేయాలి, రెండుసార్లు నొక్కితే ఆదా ఏముంది? ఆరు లీటర్ల కొత్త ట్యాంకులో ఏమీ పెట్టవద్దు. దానికి చిన్న బటన్, పెద్ద బటన్ ఇచ్చిందే అందుకు. ఆ రెండు బటన్ల పద్ధతి 1980లో ఆస్ట్రేలియాలో కరోమా కంపెనీ తెచ్చింది. నీటి కరువు తెలిసిన దేశం కదా. మన ఇళ్ళలో మాత్రం చిన్న బటన్ ఉందన్న సంగతే చాలామందికి పట్టదు, రెండూ కలిపి నొక్కేస్తారు.

ప్రశ్న: అద్దె ఇల్లు అక్కా, కావలిలోనే. ఓనరు చేయించనంటాడు. మీరే చేయించుకోండి అంటాడు. నీళ్ళ మోటరు కరెంటు బిల్లు మాత్రం మా మీటరు మీదే వస్తుంది.

జవాబు: బిల్లు మీదైతే వాషరు కూడా మీరే వేయించుకోండి, వాదన గెలిచేలోపు దానికంటే ఎక్కువ కరెంటు అవుతుంది. బిల్లు కాగితం దాచి, వచ్చే నెల అద్దెలో తగ్గించుకుంటానని ముందే చెప్పండి, చెప్పకుండా తగ్గించవద్దు. ట్యాంకే పగిలి మార్చాల్సి వస్తే మాత్రం అది ఓనరు ఖర్చే, గట్టిగా అడగండి.

ప్రశ్న: మా తాతగారి కాలం నాటి ఇంట్లో పైన గోడకు బిగించిన ఇనప ట్యాంకు, గొలుసు లాగితే నీళ్ళు వస్తాయి. ఇన్నేళ్ళలో ఎప్పుడూ కారలేదు. ఈ మధ్య రెండు మూడు సార్లు లాగితే గానీ నీళ్ళు దిగడం లేదు. తీసేసి కొత్తది పెట్టమంటున్నారు. – ఓ రైతు, బుచ్చిరెడ్డిపాళెం

జవాబు: అన్నా, కారకపోవడంలో వింత లేదు. అందులో అడుగు వాల్వే ఉండదు, సైఫన్ ఉంటుంది. గొలుసు లాగితే లోపలి పలక కొన్ని నీళ్ళని వంపు గొట్టం మీదికి ఎత్తిపోస్తుంది, అక్కణ్ణించి మిగతా నీళ్ళు వాటంతటవే గుంజుకుని దిగిపోతాయి. కారడానికి అడుగున సందు లేదు. నీళ్ళు వృథా కాకూడదనే బ్రిటన్‌లో ఏళ్ళ తరబడి ఇదే రకం పెట్టాలని నియమం ఉండేది. 1999 నాటి కొత్త నిబంధనల తర్వాత, 2001 నుంచే అక్కడ అడుగు వాల్వులకి అనుమతి ఇచ్చారు.

మీది ఎత్తిపోసే పలక మీది పొర చిరిగి ఉంటుంది, లాగినప్పుడు నీళ్ళు పైకి లేవకుండా పక్కలనుంచి జారిపోతున్నాయి. నీళ్ళు కట్టేసి సైఫన్ విప్పి చూస్తే తెలుస్తుంది. ఆ పొర విడిగా దొరకకపోతే, పాతదాన్ని పైన పెట్టి గీత గీసి, మందపాటి ప్లాస్టిక్ షీటు అదే కొలతకి కత్తిరించి వేసే ప్లంబర్లు పాతవాళ్ళలో ఇంకా ఉన్నారు. అది వేసినా లేవకపోతే అప్పుడు ఆలోచిద్దాం. ట్యాంకు తుప్పు పట్టి అడుగు పలుచబడిందేమో మాత్రం ఇప్పుడే చూసుకోండి. తలకాయ మీద వేలాడే బరువు అది, గోడకు పట్టిన బ్రాకెట్లు కూడా తట్టి చూడండి.